ఉతికేసిన కొంగలు

కొంచెం ఇటు జరిగి కూర్చోండి, నా గొంతు ఇప్పుడు దూరానికి వినపడదు. గోదావరి ఒడ్డున పిల్లల పార్కు గోడ మీద మా ఆయన బొమ్మలు వేసిన సంగతి చెబుతాను.

అప్పటికి గోదావరిఖనిలో గనులు తెరిచి ఎన్నో ఏళ్లు కాలేదు. మా ఆయన భూమి లోపల తట్టలతో బొగ్గు ఎత్తి, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బులు నింపేవాడు. ఒక వానాకాలం నడుము పట్టేసింది. దవాఖానలో బరువులు ఎత్తొద్దన్నారు. కొన్నాళ్లు పైన కూర్చోబెట్టి టబ్బుల మీద నంబర్లు రాయించారు. చెయ్యి తిన్నగా ఉందని చూసి, పార్కు పని చూసే కంపెనీ సారు ఆ గోడ అప్పగించాడు. మన అడవిలో, మన నీళ్లలో తిరిగే జీవాలనే వెయ్యాలన్నాడు. బాగుంటే బోర్డులు రాసే పనిలో ఉంచుతానని, లేకుంటే మళ్లీ తట్ట పట్టక తప్పదని చెప్పాడు. ఆ నడుముతో తట్ట అనేసరికి నాకు ముద్ద దిగలేదు.

నెల రోజులు వేశాడు. దుప్పులు, నెమలి, ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి. చివర నీళ్లలో మూడు తెల్ల కొంగలు. తెల్లరంగు అయిపోతే సున్నంలో బంక కలిపి వాటిని ముగించాడట. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు.

సారు చూడడానికి వచ్చే రోజు పొద్దున బట్టలు ఉతకడానికి పోతూ చూశాను. బొగ్గు దుమ్ము పడి కొంగలు బూడిదరంగుకు తిరిగాయి. మాసినదేదైనా ఉతకడమే తెలిసినదాన్ని. మూటలోంచి ఒక గుడ్డ తీసి, తడిపి, మూడింటినీ గట్టిగా తుడిచాను. వెనక్కి జరిగి చూస్తే గోడ వెంట తెల్లనీళ్లు కారుతున్నాయి. కొంగలు లేవు, నల్లరంగుతో వేసిన కాళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి.

అంతలోనే మా ఆయన వచ్చాడు. గోడ చూశాడు, నా చేతిలో గుడ్డ చూశాడు.

"ఏం చేసినవే?"

"మాసినయని కడిగిన."

"కొంగలను గూడ ఉతికినవా? ఆ చేత్తోనే తీగ మీద ఆరెయ్యకపోయినవ్."

అంటూనే ఆగి, నీళ్ల వైపు తిరిగాడు. నది నడుమ బండల మీద నీటికాకులు రెక్కలు చాపి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. నల్లరంగు డబ్బా అందుకోమన్నాడు. వంగలేడు కాబట్టి నేనే డబ్బా ఎత్తి పట్టుకున్నాను. మిగిలిన కాళ్లను కప్పేస్తూ నల్ల బండలు వేసి, వాటి మీద మూడు నీటికాకులను నిలబెట్టాడు.

మధ్యాహ్నం సారు వచ్చి గోడ పొడుగునా నడిచి, సరిగ్గా అక్కడే ఆగాడు. వేలితో గోడ తుడిచి దుమ్ము చూసుకుని, కొంగలు వేస్తానన్నావు కదా అని అడిగాడు.

"తెల్లయి ఈడ నిలువయి సారూ. ఇవైతే దుమ్ముకు మాసేటియి గావు," అన్నాడు మా ఆయన.

సారు నవ్వి, సోమవారం నుంచి బోర్డుల షెడ్డుకు రమ్మన్నాడు. ఏ సారు ముందూ నోరు విప్పని నేను, ఉండబట్టలేక అడిగేశాను.

"మరి తట్ట?"

"తట్ట లేదమ్మా ఇంక," అన్నాడు.

ఆ పూట ఇద్దరం కడుపునిండా తిన్నాం. విన్న మీరూ చల్లగా ఉండండి. మీ ఇంటి నుంచి పనికి పోయినవాళ్లు ఏ నొప్పీ లేకుండా తిరిగొచ్చి, మీ పిల్లలతో కలిసి కూర్చుని అన్నం తినాలి.