బయట తాళం, లోపల టీవీ

టీవీలో నేను చూసిన వాటన్నిటిలో ఏ ఎపిసోడు గొప్పదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. తాళం ఎపిసోడు. దాన్ని నేను ఒకటిన్నర సార్లు చూశాను. మొదటి సగం రెండుసార్లు, రెండో సగం ఒకసారి. ఆ రెండో సగం చూడటానికి నేనూ మా అమ్మా చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక కొంచెం సిగ్గు కూడా వేస్తుంది.

రెండువేలు దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. మాది అయిజ. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చేశాను. బడికీ నాకూ కొట్లాటేం లేదు, ఇద్దరికీ కుదరలేదంతే. అప్పటికి అయిజ నుంచి గద్వాలకు షేర్ ఆటో నడుపుతున్నాను. దారి పొడవునా జనాన్ని నవ్వించేవాణ్ణి. నవ్వుతున్న మనిషి కొంచెం సర్దుకుని కూర్చుంటాడు, ఇంకొకరికి చోటవుతుంది. ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. ఎవరో వాడి అమ్మేసిన కలర్ టీవీ ఒకటి ఉండేది. దానికి పక్కనుంచి ఒక చెంపదెబ్బ తగిలితే గానీ బొమ్మ నిలబడేది కాదు.

ఆ సీరియల్ ప్రతి ఆదివారం సాయంత్రం అరగంట వచ్చేది. ఒక రిటైరైన ఆఫీసు గుమాస్తా, ఆయన భార్య, ఇల్లరికం వచ్చిన అల్లుడు. కూతురు కూడా ఉందనేవాళ్లు గానీ, ఆ వేషం వేసిన అమ్మాయి నాలుగు వారాలకే మానేసినట్టుంది. అప్పటి నుంచి ఎవరడిగినా "స్నానం చేస్తోంది" అనేవాళ్లు. ఆ పిల్ల ఏడాది పాటు స్నానం చేసింది. గుమాస్తా వేషం వేసినాయన మాత్రం ఘనుడు. ఎప్పుడూ నవ్వడు. సంతోషం వస్తే మీసం ఒక పక్క మాత్రం కదులుతుంది, కోపం వస్తే రెండో పక్క. ఆయన మీసం చూడటానికే నేను ఆదివారం సాయంత్రం గద్వాల ట్రిప్పు వదులుకునేవాణ్ణి.

ఈ సీరియల్ మేమిద్దరమే చూస్తే కథ ఇక్కడితో అయిపోయేది. మా గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక ముసలమ్మ ఉండేది. వాడకట్టంతా ఆమెను దాదీ అనేవాళ్లం. కొడుకూ కోడలూ బజారులో గాజుల దుకాణానికి పోతే పగలంతా ఆమె ఒక్కతే. ఆదివారం సీరియల్ టైముకు పావుగంట ముందే మా ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని, తన మూలలో కూర్చునేది. పళ్లు లేవు కాబట్టి ఆకూ వక్కా దంచుకోవడానికి పిడికెడంత ఇనుప రోలు వెంట తెచ్చుకునేది. సీరియల్ నడిచినంతసేపూ టంగు టంగుమని దంచుతూ ఉండేది. ఏమైనా అర్థం కాకపోతే చప్పుడు ఆగేది. ఆగిందంటే ప్రశ్న వస్తుందన్నమాట.

ఇంట్లో ఆమెది ఉర్దూ, వీధిలో మా తెలుగు. టీవీలో మాట్లాడే తెలుగు ఈ రెండూ కాదు. అందుకే అడిగేది.

"ఏమంటుండు రా ఆయన?"

"అల్లునికి నౌకరీ లేదని తిడుతుండు దాదీ."

"నీకున్నదా?"

"నాకు ఆటో ఉన్నది."

"సరే. ఇప్పుడేమంటుండు?"

"నీతోని మాట్లాడుతుంటే ఆయన ఏమన్నడో నాకేం తెలుస్తది?"

"ఇన్నవా బేటీ," అనేది మా అమ్మతో, "నీ కొడుకు టీవీ చూడడు, నా నోరు చూస్తడు."

ఊరుకునేవాణ్ణి కాదు నేను కూడా. ఒకసారి ఆ అల్లుడు ఎవరని అడిగితే, "ఆయన అసలు అల్లుడే కాదు దాదీ, సిఐడి. ముసలాయన మీద నిఘా పెట్టనీకి వచ్చిండు" అని చెప్పాను. ఆ రోజు నుంచి అల్లుడు తెర మీదికి రాగానే దాదీ కళ్లు చిన్నవి చేసుకుని, "వచ్చిండు చూడు" అనేది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఇక తాళం ఎపిసోడు.

గుమాస్తా ఇంటికి పల్లె నుంచి చుట్టాలు వస్తున్నామని ఉత్తరం రాస్తారు. ఆరుగురు, వారం రోజులు. గుమాస్తా మీసం రెండో పక్క కదులుతుంది. ఆయన ఉపాయం చెబుతాడు: అల్లుడు బయట తాళం వేసి, వెనక కిటికీలోంచి లోపలికి దూకాలి. చుట్టాలు తాళం చూసి వెళ్లిపోతారు. అల్లుడు దూకుతాడు, ప్యాంటు చిరుగుతుంది. చుట్టాలు వస్తారు. వెళ్లిపోరు. "పాపం, ఏ పని మీద పోయారో, వచ్చేదాకా కూర్చుందాం" అని అరుగు మీద మూటలు విప్పుతారు. తెచ్చిన అరిసెలు వాళ్లే తినడం మొదలుపెడతారు. వాసన తలుపు సందులోంచి లోపలికి వస్తుంది. ఆ సీనులో మాటలు లేవు. తలుపుకు ఆ పక్క నమిలే చప్పుడు, ఈ పక్క గుమాస్తా మెడలో ముడి పైకీ కిందికీ కదలడం. అంతే. ఆ తర్వాత చుట్టాల పెద్దాయన గుమాస్తాను పొగడటం మొదలుపెడతాడు. ఎంత మంచోడు, ఎంత పెట్టే చెయ్యి అని. గుమాస్తా లోపల తల వంచుకుంటాడు. సరిగ్గా అప్పుడు, భార్య పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన కుక్కరు కూత పెడుతుంది.

చుట్టాలు తలలు తిప్పారు. మా ఇంట్లో కరెంటు పోయింది.

రెండు గంటల పాటు రాలేదు. ఆ రెండు గంటలూ ఏమై ఉంటుందని ముగ్గురం వాదించుకున్నాం. దొరికిపోతారని నేను, దొరకరని అమ్మ. దాదీ బెంగ వేరు.

"అన్నం సంగతేంది? ఎవరన్న లేచి పొయ్యి ఆర్పిండ్రా లేదా?"

"వాళ్ల ఇజ్జత్ పోతుంటే నీకు అన్నం కావాలెనా దాదీ?"

"ఇజ్జత్ మల్ల వస్తది. మాడిన అన్నం వస్తదా?"

ఆ సీరియల్‌ను బుధవారం మధ్యాహ్నం మళ్లీ వేస్తారని టీవీలోనే చెప్పారు. మంగళవారం అమ్మ చపాతీ పిండి పిసుకుతూ మెల్లగా అంది, "రేపు దాదీ వస్తే మల్ల చెప్పుడే అయితది, చూసుడు కాదు. వాడకట్టోళ్లందరు చేన్లకు పోతరు. ఆమె ఒక్కతే ఉంటది ఇంటికాడ."

"అయితే?"

"ఆయన చేసినట్టే చేద్దాం రా."

సీరియల్ చూసి జనం చీరలు కొన్నారు, జడలు మార్చారు. ఉపాయం నేర్చుకున్నది మా అమ్మ ఒక్కతే. అదీ సగం చూసి. ఆ ఉపాయం చివరికి ఏమైందో తెలుసుకోవడానికే ఆ ఉపాయం చేస్తున్నామన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. బడి మానేసిన ఫలితం నాకు కనిపించింది ఆ ఒక్కసారే.

బుధవారం ఆటోను పక్క గల్లీలో పెట్టాను. చెప్పులు లోపలేశాను. ముందు తలుపుకు తాళం వేసి, వెనక గోడ దూకి వచ్చాను. ప్యాంటు చిరగలేదు. ఆ అల్లుడి కంటే నేనే నయం అనుకున్నాను. సౌండు తగ్గించి, ఇద్దరం టీవీకి ముక్కు ఆనించి కూర్చున్నాం.

చుట్టాలు మూటలు విప్పుతుండగా బయట కర్ర చప్పుడైంది. తాళం ఒకసారి కదిలింది. తర్వాత అరుగు మీద ఎవరో కూలబడ్డట్టు, "యా అల్లా" అని ఊపిరి వదిలిన చప్పుడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పోతుందిలే అని సైగ చేశాను. పోలేదు. దారిన పోయే ఆమె ఎవరో అడిగింది, "ఏం దాదీ, తాళమేసిన ఇంటికాడ కూసున్నవ్?"

"నిన్న బేటీకి నడుము నొస్తుందంటుండె. పోరడు దవాఖానకు తోల్కపోయినట్టుండు. వచ్చేదాంక కూసుంట."

"ఎండ గిట్లున్నది. ఇంటికి పో రాదు."

"నొప్పితోని వచ్చినామెకు గిన్ని నీళ్లు ఇచ్చేటోళ్లు ఉండాలె గద. పోరనికి నోరెక్కువ గాని, తల్లిని మంచిగ అర్సుకుంటడు."

టీవీలో చుట్టాల పెద్దాయన గుమాస్తాను పొగుడుతున్నాడు. బయట దాదీ నన్ను పొగుడుతోంది. గుమాస్తా తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను. అమ్మ మాత్రం ఎటు చూడాలో తెలియక టీవీ మీద ఉన్న గడియారం చూసింది.

లేచి తలుపు తీద్దామంటే తాళం బయట ఉంది. గోడ దూకి, చుట్టూ తిరిగి, దాదీ ఎదురుగా పోయి "మేం లోపలే ఉన్నాం" అని చెప్పాలి. ఏం మొహం పెట్టుకుని చెప్పాలా అని ఆలోచిస్తుండగానే కుక్కరు కూత వేసింది.

చుట్టాలు లేచారు. దొంగలు పడ్డారు, అన్నం కూడా వండుకుంటున్నారు అని గోల. పెద్దాయన కర్ర తీసుకుని తలుపు మీద కొట్టి, "ఎవర్రా లోపల?" అని అరిచాడు. గుమాస్తా వణికిపోయాడు. భార్య నోరు మూసుకోమని సైగ చేసింది. కానీ ఆ నోరు ముప్పై ఏళ్లు ఆఫీసులో పనిచేసిన నోరు. తలుపు కొట్టిన చప్పుడుకు దానంతటదే తెరుచుకుంది.

"సారు లేరు. రేపు రండి."

అది కాదు గొప్ప. తర్వాతది గొప్ప. బయట ఉన్న పెద్దాయన జీవితమంతా ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతు. ఆ మాట చెవిన పడగానే కర్ర చంకలో పెట్టుకుని, చేతులు జోడించి, "అట్లాగే సార్" అని వెనక్కి తిరిగాడు. మూటలు నెత్తికెత్తుకుని ఆరుగురూ వరసగా గేటు దాకా నడిచారు. గేటు దగ్గర ఆగి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇంత పెద్ద నవ్వు మా అమ్మకు ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు. నాది సరేసరి. చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వి నవ్వి, ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు గుర్తొచ్చింది. బయట ఏ చప్పుడూ లేదు.

గోడ దూకి పరుగెత్తాను. ఈసారి ప్యాంటు చిరిగింది. అరుగు మీద దాదీ లేదు. గడప పక్కన ఒక సత్తు గిన్నె, మీద మూత. తీసి చూస్తే ఉడకబెట్టిన పల్లికాయ. ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ ఆదివారం దాదీ రాలేదు. ఆమె మూల ఖాళీగానే ఉంచాం. సీరియల్ మొదలైంది. ఎవరూ ఏమీ అడగలేదు. ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. ఇద్దరం ఒక్కసారి కూడా నవ్వలేదు. దాదీకి అర్థమయ్యేలా చెప్పేటప్పుడే మాకూ నవ్వొచ్చేదని అప్పుడు తెలిసింది. మధ్యలో అమ్మ టీవీ ఆపేసింది.

"ఆ ముసలామె ఇంక మన గడప తొక్కదు రా," అంది. "నా ఉపాయం పాడుగాను."

"తాళం ఏసింది నేను గద."

"ఏస్తివి గద మరి. పోయి తోల్కరా."

ఇంటికి పోతే కోడలు "పడుకున్నది" అంది. మర్నాడు పోయినా పడుకునే ఉంది. నిద్రకు కూడా ఒక హద్దుంటుంది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మంగళవారం అమ్మ అందులో సేమియా పాయసం పోసిచ్చింది. మధ్యాహ్నం పూట పట్టుకుపోయాను. దాదీ ఇంటికి తాళం వేసి ఉంది.

ఎప్పుడూ ఇల్లు కదలని మనిషి ఎక్కడికి పోయిందా అని నిలబడ్డాను. వెనక్కి తిరగబోతుంటే లోపలి నుంచి వినపడింది. టంగు టంగు.

"దాదీ."

చప్పుడు ఆగింది.

"దాదీ, లోపలనే ఉన్నవు గద? రోలు చప్పుడు ఇనొచ్చింది."

తర్వాత లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది, బొంగురుగా, ఎవరో పెద్దాఫీసరు మాట్లాడినట్టు.

"దాదీ లేదు. రేపు రా."

నేను అరుగు మీద కూలబడ్డాను. అది గుమాస్తా మాట. ఆ ముక్క దాదీ చూడలేదు. మేం చూడనివ్వలేదు.

"ఆ మాట నీకెట్ల తెలుసు దాదీ? సీరియల్ల ముసలాయన గదే అంటడు."

"నాకు తెల్వదా? మా ఆయన పోయినప్పుడు ఒక కాగితం కోసం ఆర్నెల్లు తిరిగిన. అందరు గదే అంటుండిరి. నీ సీరియలోడు ఇప్పుడు నేర్సిండు."

కిటికీ రెక్క తెరుచుకుంది. చువ్వల వెనక దాదీ ముఖం. కోపంగా పెట్టడానికి చాలా కష్టపడుతోంది.

"తాళం తియ్యి దాదీ. తప్పయింది. అమ్మ పాయసం పంపింది."

"తాళంచెవి కోడలు కాడ ఉన్నది. ఆమె పొద్దు వాలినంక వస్తది. నేనే ఎయ్యమన్న. కూసో జర. ఎట్లుంటదో తెలుస్తది."

గిన్నె చువ్వల మధ్య పట్టలేదు. దాదీ లోపలికి పోయి చెంచా తెచ్చి ఇచ్చింది. ఎండలో నిలబడి, ఒక చెంచా పాయసం అందిస్తూ, ఒక ముక్క కథ చెబుతూ వచ్చాను. చుట్టాల పెద్దాయన దండం పెట్టి వెనక్కి తిరిగిన చోట దాదీ నవ్వింది. పాయసం పొలమారి, చువ్వలు పట్టుకుని మరీ నవ్వింది.

"ఆ సిఐడి ఏం చేస్తుండు అప్పుడు?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"ఆయన సిఐడి కాదు దాదీ. అబద్ధం చెప్పిన. ఉత్త అల్లుడే."

"నాకు ఎరికే రా. ఎన్ని దినాలు చెప్తవో అని ఊకున్న." ఇంకో చెంచాకు నోరు తెరిచింది. మింగి, అసలు సంగతి అడిగింది. "మల్ల అన్నం మాడిందా లేదా?"

నేను ఆలోచించాను. గేటు దగ్గర చుట్టాలు ఆగుతారు. అక్కడే అయిపోతుంది. పొయ్యి ఎవరూ ఆర్పలేదు.

"చూపియ్యలే దాదీ."

"గిదేం సీరియల్ రా," అంది.

అందుకే అంటున్నాను, ఆ ఎపిసోడులో లోపం అదొక్కటే. దాన్ని పట్టుకున్నది కూడా చూడని మనిషే.

కోడలు వచ్చి తాళం తీసేసరికి గిన్నె ఖాళీ అయింది. నా నెత్తి మాడిపోయింది. దాదీ గిన్నె తీసుకుని, వెనక్కి తిరిగి రోలు ముందేసుకుని, ఇటు చూడకుండానే అడిగింది.

"ఆదివారం కరెంటు ఉంటదా రా?"