కార్మికుల కోసం నేను పట్టిన దీక్ష

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచేయడానికి ఒక వారం చాలనుకునేదాన్ని. ఇంటర్ రెండో ఏడాది. మణుగూరు వైపు అడవిలో ఒక ఫ్యాక్టరీ కాలనీలో మా క్వార్టర్. (ఫ్యాను, నల్లా, కాలేజీ ఫీజు చెట్టుకు కాసినట్టు వాటంతటవే వస్తాయని నా నమ్మకం.) ఒకరోజు మా సివిక్స్ సారు క్లాసులో టీవీ పెట్టించి, ఎక్కడో దూరదేశంలో బొమ్మల ఫ్యాక్టరీ మీద తీసిన డాక్యుమెంటరీ చూపించారు. నిలబడి నిలబడి కాళ్లు వాచిన ఆడపిల్లలు, మెషీన్ల పక్కనే నాలుగు ముద్దలు మింగి మళ్లీ పనిలోకి. అందరికంటే గట్టిగా నేనే ఏడ్చాను. పక్కపిల్ల చున్నీ కూడా తడిసింది. ఇంటికొచ్చి ప్రకటించాను: "అమ్మా, వాళ్లకు న్యాయం జరిగేదాకా నేను అన్నం ముట్ట." "మరి చాయ్ తాగుతవా?" అంది అమ్మ. తాగాను. (చాయ్ సంగతి దీక్షలో అనుకోలేదు.)

పొద్దుగూకాక నాయిన ఓవర్‌టైమ్ చేసి వచ్చాడు. కాలనీ పక్కనున్న ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. ఆయన్ని నూనె మరకల చొక్కాతోనే కూర్చోబెట్టి, "నాయినా, కార్మికులు ఎంత కష్టపడతరో నీకెరుకేనా?" అని మొదలుపెట్టాను. "చెప్పు బిడ్డా," అని కాళ్లు చాపుకుని ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఒక్కటే అడిగాడు, "ఆళ్లకు క్యాంటీన్ లేదా?" లేదన్నాను. "అయ్యో," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

అమ్మ కంచాలు పెట్టింది. నేను కదల్లేదు. నాయిన చేతులు కడుక్కొచ్చి, చింతచిగురు పప్పు ముందు కూర్చుని, నా వైపే చూస్తున్నాడు. "బిడ్డ తినకుంటే నాకెట్ల దిగుతది?" అమ్మ గరిటె పట్టుకునే నా మీదికి వచ్చింది: "ఏందే, యాడనో ఉన్న కార్మికుల కోసం ఇంట్ల ఉన్న కార్మికుణ్ణి మాడుస్తున్నవ్!"

అప్పటిదాకా నాకు తట్టనేలేదు, ఆయనా కార్మికుడేనని. నాకు నాయిన, అంతే. సిగ్గుతో కంచం లాక్కున్నాను. ఆయనా కలుపుకోవడం మొదలుపెట్టాడు. తింటూ మొదటిసారి అడిగాను, "మీ దగ్గర ఎట్లుంటది నాయినా?" "ఏముంటది బిడ్డా, సప్పుడు. పక్కనోడి మాట ఇనపడదు," అని, "పప్పు ఇంకింత ఏసుకో," అన్నాడు, వీధి చివరిదాకా వినపడేట్టు. అన్నాళ్లూ స్నేహితురాళ్ల ముందు ఆ పెద్ద గొంతుకే నేను తలదించుకునేదాన్ని.

ఇప్పుడు ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం నాది. అలాంటి డాక్యుమెంటరీలు ఇప్పటికీ చూస్తాను, ఏడుపూ వస్తుంది. చాయ్ తాగి పస్తున్న ఆ పిల్లను తలుచుకుంటే మాత్రం నవ్వే. దాని ఏడుపులో అబద్ధం లేదు పాపం. దూరానివన్నీ స్పష్టంగానే కనపడేవి, దగ్గరవాటికే చూపు ఆనేది కాదు.