పుష్పావతి ఇంటికి ముయ్యి రాలేదు

గోరంట్ల పక్క పల్లెల్లో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మిషనులో వేస్తే పప్పు చిట్లుతుంది, చిట్లిన పప్పు మొలవదు. అందుకే ఆడవాళ్ళు ముయ్యి కట్టుకుంటారు. ఇవాళ మీ ఇంట్లో అందరం, రేపు మా ఇంట్లో అందరం. చేతులు కాయల మీద, నోళ్ళు ఊరి మీద.

వసారా చల్లగా ఉంటుందని ఏటా మొదటి ముయ్యి పుష్పావతి ఇంట్లోనే. ఆమె మొగుడు జయరాం బెంగళూరులో కారు తోలుతాడు. నిరుడు వచ్చి ఆ వసారాలో కెమెరా బిగించి పోయాడు. దొంగల భయమట. ఆ ఇంట్లో దొంగలు ఎత్తుకుపోయేదేముందో ఆయనకే తెలియాలి. ఆడవాళ్ళు జంకితే, బొమ్మ కనబడుతుందంతే, మాటలు వినబడవని పుష్పావతే ధైర్యం చెప్పింది. మొగుడు అట్లా చెప్పాడు, ఆమె నమ్మింది.

ఆ ధైర్యంతోనే నిరుటి ముయ్యిలో రత్నమ్మ తన కూతురి సంగతి చెప్పుకుంది. అల్లుడి దెబ్బలు ఓర్వలేక, శుక్రవారం బిడ్డనెత్తుకుని వచ్చేస్తుందని. జయరాం బెంగళూరులో కూర్చుని అంతా విన్నాడు, ఆ అల్లుడికి ఫోన్ చేసి చెప్పాడు. కూతురు రాలేదు, ఇప్పటికీ రాలేదు.

ఈ ఏడు పుష్పావతి ఇంటికి ఒక్కరూ రాలేదు. ఒకరికి కాలు నొప్పి, ఒకరికి చుట్టాలు. వారం రోజులు ఒక్కతే ఒలిచింది, బొటనవేలు బొబ్బలెక్కింది. ఆ వారమంతా ఆమెతో మాట్లాడింది కెమెరాలోని మొగుడి గొంతొక్కటే. వాకిట్లోకి ఎందుకు పోయావు, ఎవరిని చూశావు అని. అంతకంటే దిక్కులేనితనం నేనెరుగను.

ఎనిమిదో రోజు ఫోను పొయ్యిగట్టు మీద వదిలేసి, కాయల మూట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. వెనక కెమెరా అరుస్తూనే ఉంది. రత్నమ్మ ఇంట్లో ముయ్యి సాగుతోంది. ఆమె గడప దాటగానే నోళ్ళన్నీ మూతపడ్డాయి.

"ఫోను యాడ?" అంది రత్నమ్మ.

"ఇంట్లోనే వదిలేసినా."

ఎవరూ జరిగి చోటివ్వలేదు. మూలన కూర్చుని, ఎవరి కాయలని అడక్కుండా ఒలిచింది. గంటయినా మాట లేదు. ముయ్యి అంటే చేతికి చెయ్యే కాదు, మాటకు మాట కూడా. అందరి కష్టాలూ విన్న పుష్పావతి తనది ఏనాడూ చెప్పలేదు.

"నీళ్ళు పోసుకునేటప్పుడు గూడా ఫోను ఎదురుగా పెట్టమంటాడక్కా," అంది తలెత్తకుండా. "పెట్టకుంటే వచ్చినప్పుడు కొడతాడు."

రత్నమ్మ తన చాట పక్కకు జరిపి చోటిచ్చింది.

"నా కూతురికని పరిచిన చాప అట్లే ఉండాది. ఈపొద్దు నువ్వు పడుకో."