ఖాళీ చెయ్యని ఇల్లు

మొన్న ఎండాకాలం గ్రీసు దేశంల, మధ్యధరా సముద్రం ఒడ్డున మా బిడ్డ లావణ్య కిరాయికి తీసుకున్న ఇంట్ల, చాయ్ పెడదామని పాలు పొయ్యి మీద పెట్టి, కిటికీల నుంచి సముద్రాన్ని చూసుకుంట నిలబడి పాల సంగతే మర్చిపోయిన. పొయ్యి అంటే మన పొయ్యి కాదు, నల్లటి అద్దం పలక. పాలు పొంగి దాని మీద పారంగనే కుయ్యిమని మొత్తుకొని దానంతట అదే బందైంది. తెల్లటి గోడలు, నీలం తలుపులు, గడప ముంగట కాగితంపూల తీగ, మెట్లు దిగితే సముద్రం, గంత సోకు ఇంట్ల మాడిన పాల వాసన గుప్పుమన్నది. లావణ్య ముక్కు మూసుకొని ఉరికొచ్చి, "ఏందమ్మా, గృహప్రవేశం జేసినవా" అన్నది. బయట కుర్చీల కూసున్న మా అమ్మ, డెబ్బై దాటిన మనిషి, ఆ మాటకు పయ్యెద నోట్ల కుక్కుకొని నవ్వుడు మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతుందో అల్లునికి తెల్వదు, మా ఆయనకు తెల్వదు. నాకు ఒక్కదానికే తెలుసు.

మా నాయిన నాచారంల పైపులు చేసే కంపెనీల పనిచేసేటోడు. కంపెనీల వెనుక వరుసగ కట్టిన రూములల్ల మేముండేటోళ్ళం. గాలి ఒక దిక్కు నుంచి వీస్తే బిస్కెట్ల వాసన, ఇంకో దిక్కు నుంచి వీస్తే మిరపపొడి ఘాటు. బిస్కెట్ల గాలికి పిల్లలమంతా ముక్కులు పైకి లేపి నిలబడుతుంటిమి, మిరప గాలి తగలంగనే తుమ్ముకుంట ఇండ్లల్లకు ఉరుకుతుంటిమి. ఎండాకాలమంతా మిద్దె మీద నీళ్ళు చల్లి చాపలు పరుచుడు, బోరింగు కాడ బిందెలు వరుస పెట్టి ఆ బిందెల నీడలనే అష్టాచెమ్మ ఆడుకొనుడు, ఎవరి వంతు వచ్చిందో ఆటల పడి మర్చిపోయి అమ్మలతోని తిట్లు తినుడు. సైరన్ మోగినంక నాయిన ఉప్పల్ చౌరస్తా దాకా పోయొస్తే రుమాల్ల మామిడిపండ్లు మూట కట్టుకొచ్చేటోడు. ఆ రుమాలకు పండ్ల వాసన, మెషీన్ నూనె వాసన రెండూ కలిసి ఉండేది. ఇప్పటికీ మామిడిపండు చేతికి తీసుకుంటే నాకు అండ్ల నూనె వాసన కూడ వస్తది.

ఆ రోజులల్ల ఇల్లు కిరాయికి తీసుకొనుడు అంటే మాకు తెలిసింది ఒక్కటే, ఇల్లు మారుడు. ఓనరు కిరాయి పెంచితే మారుడు, ఓనరు కొడుక్కు పెండ్లయితే మారుడు, ఓనరమ్మకు మా నాయినమ్మ నోరు నచ్చకపోతే మారుడు. ఎన్ని మారినా నాయినమ్మ పద్ధతి మారకపోయేది. అమావాస్య పోయినంకనే దిగాలె. తలుపు ఏ దిక్కుకున్నదో ముందే తెలువాలె. పాత చీపురు కొత్తింటికి రావద్దు. ముందుగాల ఉప్పు, పసుపు, దేవుని పటం లోపలికి పోవాలె, గడపకు పసుపు రాయాలె, మామిడాకులు కట్టాలె, ఇగ అప్పుడు ఆమె ఇత్తడి గంజుల పాలు పోసి పొయ్యి మీద పెట్టాలె. గంజు అంటే మాకు వండుకునే గిన్నె. ఆ పాలు పొంగి ఏ దిక్కుకు పారినయో నాయినమ్మ వంగి చూసి, తల ఊపి, "మంచిగనే ఉన్నది, ఉండొచ్చు" అన్నంక గాని ఇంటికి ఇల్లు అన్న పేరు రాకపోయేది. మాకు ఆ పాలల్ల బియ్యం, బెల్లం ఏసి ఇస్తే వేళ్ళు కాల్చుకుంట తినేటోళ్ళం.

మా అమ్మది దేవరకొండ దిక్కు. బాయిల నీళ్ళు అడుగు కనిపించే ఊరు. మా పక్క పోర్షన్ల సుబ్బారావు మామ అని బాపట్ల నుంచి వచ్చినాయన, నాయినతోనే పని, మిద్దె మీద పండుకున్నప్పుడు సముద్రం ముచ్చట్లు చెప్పేటోడు. అల ఇంత ఎత్తు లేస్తదని, కాలి కింద ఇసుక జారిపోతుంటే చక్కిలిగిలి అయితదని చెప్తుంటే పిల్లలం మధ్యల నిద్రపోయేటోళ్ళం గాని అమ్మ మాత్రం మేల్కొనే ఉండేది. అత్త ముందు తల ఎత్తి మాట్లాడని మనిషి మా అమ్మ. పండుగలకు చీర అడగలేదు, చెవులకు కమ్మలు అడగలేదు. ఒకసారి మాత్రం నాయినను అడిగింది, "నాకేం వద్దు, ఒక్కపారి సముద్రం చూపియ్యి" అని. ఆ ఎండాకాలం కంపెనీ మెషీన్లు బాగు చేసుకోవడానికి బందు పెట్టంగనే నాయిన సుబ్బారావు మామను పట్టుకున్నడు.

"మా కోటమ్మ పిన్ని అద్దెకిచ్చే పక్కిల్లు ఖాళీగానే ఉందండీ," అన్నడు మామ. "సముద్రం పక్కనే. నాలుగు రోజులు అద్దెకిమ్మంటే ఇస్తుంది."

నాయినమ్మకు ఇది అసలే అర్థం కాలే. "నాలుగొద్దులకు ఇల్లు కిరాయికి ఎవడిస్తడురా? సామాను దించి సర్దనీకెనే నాలుగొద్దులు పడ్తది" అన్నది. అన్నది గాని, సామాను మాత్రం ఇల్లు మారినట్టే కట్టింది. గ్యాస్ నూనె, అంటే కిరసనాయిలు, స్టవ్వు, బియ్యం సంచి, మామిడికాయ తొక్కు జాడీ, దేవుని పటం, తడి బట్టల చుట్టిన మామిడాకులు, ఒళ్ళె ఇత్తడి గంజు. సికింద్రాబాదు స్టేషన్ల ఆ సామాను చూసి ఎవరో, "ట్రాన్స్‌ఫరా అమ్మా" అని అడిగితే, "అవును బిడ్డా" అన్నది మా నాయినమ్మ.

బాపట్ల దిగి, జట్కా ఎక్కి, ఇసుక దారిల సరుగుడు తోట దాటి పోతుంటే చెట్ల అవతల్నుంచి హోరుమని చప్పుడు. లారీలు పోతున్నయేమో అనుకున్న నేను. అమ్మ మాత్రం బండిల లేచి నిలబడ్డది. "కూసో, పడ్తవు" అన్నది నాయినమ్మ. పెంకుల ఇల్లు, రెండు గదులు, ముంగట అరుగు; తోట దాటితే నీళ్ళే. మేము పిల్లలం ఒక్క దెబ్బకు ఉరకబోతే నాయినమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, పాలు పొంగినంకనే ఎవరన్న గడప దాటి నీళ్ళ దిక్కు పోవాలె అని. అమ్మ చీర చెక్కి గడపకు పసుపు రాసింది. నాయిన పాలు తెచ్చిండు, మామిడాకులు కట్టిండు. గంజుల పాలు నురుగు తేలి, సముద్రం దిక్కే పొంగి పారినయి. నాయినమ్మ ముఖం వెలిగిపోయింది.

అప్పుడే కోటమ్మ గారు మాకోసం బిందెల మంచినీళ్ళు పట్టుకొని వచ్చింది. పొట్టి మనిషి, ముక్కుకు రెండు దిక్కుల పుడకలు. గుమ్మానికి ఆకులు చూసింది, గడపకు పసుపు చూసింది, లోపలికి తొంగి పాలు చూసింది. బిందె దబ్బుమని కింద పెట్టింది.

"అదేంటండీ, నాలుగు రోజులని చెప్పి పాలు పొంగించారూ?"

"పాలు పొంగియ్యకుంట ఇంట్ల ఎట్లుంటరమ్మ?" అన్నది నాయినమ్మ.

"ఉండేవాళ్ళు పొంగిస్తారు. మీరు ఆదివారం వెళ్ళిపోతారు కదా. పాలు పొంగించిన ఇంట్లోంచి నాలుగోనాటికి సామాను తీసేస్తే ఊళ్ళో ఏమనుకుంటారు? ఇల్లు అచ్చిరాలేదంటారు. రేపు ఈ ఇంట్లో ఎవరు దిగుతారండీ? నాకున్నది ఈ ఒక్క వాటా."

నాయిన చేతులు నలుపుకుంట ఏదో చెప్పబోయిండు. ఆమె వినలే. "ఇంకా అన్నం వండలేదు కాబట్టి దోషం తగలదు. ఏడాది ఉంటారా ఉండండి, నా కడుపులో పెట్టుకుంటాను. లేదంటే ఇప్పుడే, ఈ పూటే బండి తిప్పేసుకోండి" అన్నది. ఆమె కోపంగ కూడ అనలే, కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి ఆమెకు. నాయిన నిజంగనే స్టవ్వు దిక్కు వంగిండు, ఆర్పనీకె. తోట అవతల సముద్రం మోగుతనే ఉన్నది, మేమింకా దాన్ని కండ్లతోని చూడనే లేదు.

అప్పుడు మా అమ్మ, పసుపు చేతులతోని, గోడకు ఆనుకొని అన్నది, "అత్తా, నేనైతే సముద్రం జూడకుంట రైలెక్క."

మా నాయిన అమ్మను కొత్తగ చూసినట్టు చూసిండు. నాయినమ్మ అంతకన్న ఎక్కువ చూసింది. నేనైతే ఇగ అయిపోయింది అనుకున్న. నాయినమ్మ కొంగు సవరించుకొని, కోటమ్మ గారి దిక్కు తిరిగి, "నీకు ఖాళీ జేస్తెనే గద దోషం" అన్నది.

"అంతే కదండీ."

"మేం ఖాళీ జెయ్యం. ఊరికి పోయొస్తం. ఊరికి పోతే ఇల్లు ఖాళీ జేసినట్టా? నా గంజు ఈడనే పెట్టి పోత."

కోటమ్మ గారు నోరు తెరిచింది. "గంజి పెట్టిపోతారా? పులిసి పురుగులు పట్టదుటండీ?"

"పులుసుడేంది, ఇత్తడిది."

"ఇత్తడి గంజేవిటి?"

నాయిన గంజు ఎత్తి చూపించిండు. కోటమ్మ గారికి అర్థమైంది, కండ్లు తుడుచుకుంటనే నవ్వింది. అయినా అంత సులువుగ వదిలే మనిషి కాదు. "మరి దీపం ఎవరు పెడతారు?" అన్నది. "నువ్వు పెట్టు, నువ్వేమన్న పరాయిదానివా" అన్నది నాయినమ్మ. "వచ్చే ఏడు రాకపోతేనో?" "నా అత్త ఇచ్చిన గంజు. దానికోసమన్న రానా?" కోటమ్మ గారు గంజును అటు తిప్పి ఇటు తిప్పి, వేలితోని కొట్టి చప్పుడు విని, "సరే అయితే, చేపల పులుసు పంపిస్తాను, అన్నం వార్చుకోండి" అని పోయింది.

అన్నం ఎవరు వారుస్తరు. అమ్మ అప్పటికే తోటల ఉన్నది. ఆమె వెనుక మేము, మా వెనుక నాయిన, అందరికన్న వెనుక "ఆగుండ్రి, ఆగుండ్రి" అనుకుంట నాయినమ్మ. చెట్లు అయిపోయి నీళ్ళు కనబడంగనే అమ్మ ఆగిపోయింది. అంత దూరం ఉరికొచ్చిన మనిషి, మెల్లగ, గుళ్ళెకు పోయినట్టు నడిచి, అల పాదాలకు తగలంగనే చిన్నపిల్ల లెక్క కేక పెట్టి నాయిన చెయ్యి పట్టుకున్నది. అత్త చూస్తుండంగ నాయిన చెయ్యి పట్టుకొనుడు మా ఇంట్ల అదే మొదలు. నాయినమ్మ నీళ్ళకు వీపు చేసి ఇసుకల కూసున్నది, నాకు భయం అని చెప్పక, నాకు ఎండ పడదు అన్నది. ఒక పెద్ద అల వచ్చి నడుముదాకా తడిపి పోతే, మూతి తుడుచుకొని, రుచి చూసి, "ఉప్పు జర ఎక్కువైంది" అన్నది. తర్వాత ఆ మనిషిని నీళ్ళల్ల నుంచి బయటికి గుంజుడు మా నాయినకు పెద్ద పనైంది.

ఆ నాలుగు రోజులు తాటిముంజెలు బొటనవేలితోని తోడుకొని తిన్నం, నీళ్ళు మోచేతుల దాకా కారినయి. నెత్తళ్ళ వేపుడు, చేపల పులుసు కోటమ్మ గారి దిక్కు నుంచి వస్తే, సర్వపిండి, పచ్చిపులుసు మా దిక్కు నుంచి పోయేది. గిన్నె మీద బియ్యంపిండి అద్ది రొట్టె చెయ్యొచ్చని ఆమెకు తెల్వదు. ఉల్లిగడ్డ ఏసి పులుసు కాగబెట్టకుంటనే తాగొచ్చని అసలే తెల్వదు. "పొయ్యి మీద పెట్టడం మర్చిపోయారా ఏంటి" అని అడిగి, రెండు గిన్నెలు తాగింది. అమ్మ పొద్దున లేవంగనే తలవెంట్రుకలు ముడవకుంట పోయి నీళ్ళల్ల నిలబడేది. ఆమెకు అంత జుట్టు ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది.

పోయే రోజు గంజు అటక మీదికి ఎక్కింది. "ఎళ్ళిపోతున్నం" అని నోరు జారిండు నాయిన. కోటమ్మ గారు ఆయన మీద మండిపడ్డది, మళ్ళ లోపలికి పోయి, గడప దాటి, "ఊరికి పోయొస్తం" అన్నంక గాని బండి ఎక్కనియ్యలే. ఆ ఇంట్ల తర్వాత ఎంతోమంది దిగిన్రంట. గంజు ఎవరిదని అడిగితే, "ఇంట్లోవాళ్ళదే, హైదరాబాదు వెళ్ళారు" అని చెప్పేదంట ఆమె. కంపెనీ బందైనప్పుడల్ల పోయేటోళ్ళం. గంజు దించి, తోమి, పాలు పొంగిచ్చి, నాలుగు రోజులుండి, మళ్ళ అటక ఎక్కించి వచ్చేటోళ్ళం.

ఇప్పుడు నాయినమ్మ లేదు, నాయిన లేడు, కోటమ్మ గారు లేరు. ఆ పెంకుటిల్లు జాగల రిసార్టు లేచింది, అటక మీది గంజు ఏమైందో తెల్వదు. మా వరుస రూములు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టిన్రు, ఉప్పల్ చౌరస్తా మీది నుంచి మెట్రో పోతది, పైపుల కంపెనీ జాగల గోదాములున్నయి, సైరన్ చప్పుడు ఎట్లుండెనో చెప్పుమంటే మా లావణ్యకు నోటితోనే కూసి చూపియ్యాలె.

గ్రీసుల ఆఖరి రోజు పొద్దున, పది కొట్టేలోపట బయటపడాలె అని ఫోన్లకు మెసేజి వచ్చింది. ఆ ఇల్లు ఎవరిదో, ఆడమనిషో మొగమనిషో, ఉన్నన్ని రోజులు మేము ముఖం చూడలే. సామాను కారెక్కింది. అమ్మ మాత్రం గడప బయట నిలబడి అటు ఇటు చూస్తున్నది.

"ఏం మర్చిపోయినవ్ అమ్మమ్మా?" అన్నది లావణ్య.

"ఎవరికన్న చెప్పి పోవద్దా బిడ్డా?"

"చెప్పేదేం లేదు, ఫోన్ల చుక్కలు పెట్టాలె, అంతే. ఇల్లు మంచిగుంటే అయిదు. ఎన్ని పెట్టమంటవో చెప్పు, నువ్వే."

అమ్మ ఇంటి దిక్కు చూసింది, మెట్ల కింద సముద్రం దిక్కు చూసింది. పొద్దుగాల నీళ్ళల్ల దిగొచ్చిన జుట్టు ఇంకా తడిగనే ఉన్నది, తెల్లగ, భుజాల మీద.

"ఇల్లు మంచిగున్నది, సముద్రం ఇంకా మంచిగున్నది," అన్నది. "ఇంకో నాలుగొద్దులు ఉండుండ్రి అని ఒక్కలన్న అడిగిన్రా?"

లావణ్య జరసేపు ఆలోచన చేసి, నాలుగు నొక్కింది.