పాటల బండికి కండక్టరమ్మ

ఆ వీధిలో కండక్టరమ్మ అంటే చాలు, ఇంటి నంబరు అక్కర్లేదు. ఆమె ఉద్యోగం మానేసి ఏడాది దాటింది గానీ ఉద్యోగం ఆమెను మానలేదు. కూరల బండి దగ్గర నలుగురు గుమిగూడితే "కొంచెం ముందుకు జరగండమ్మా, వెనకవాళ్ళకీ చోటియ్యండి" అంటుంది. జరుగుతారు. గొంతు అటువంటిది. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి ఆమె ఒక్క "హోల్డాన్!" అంటే డ్రైవరు కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయేదట. ఆ డ్రైవర్లలో ఒకాయన ఇంట్లో భార్య గట్టిగా పిలిచినా కాలు నేలకేసి తొక్కేవాడని డిపోలో చెప్పుకునేవారు. ఇందులో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. కండక్టరమ్మ మాత్రం దాన్ని ఏనాడూ ఖండించలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె రచ్చ గెలిచి ఇంటికొచ్చింది. వచ్చి చూస్తే ఇంట్లో గెలవడానికి చప్పుడే లేదు. భర్త వెనక గదిలో వాచీలు బాగుచేస్తాడు. ఆయన కన్నా ఆయన బల్ల మీది గడియారాలే ఎక్కువ మాట్లాడతాయి. కోడలు బడిలో లెక్కలు చెప్పి వచ్చి, వంటింటి బల్ల మీద పరీక్ష పేపర్లు పరుచుకుంటుంది. కొడుకు రంగుల షాపులో పనిచేస్తాడు. పాలతెలుపుకీ దంతపు తెలుపుకీ తేడా పగలంతా చెప్పీ చెప్పీ, ఇల్లు చేరేసరికి అతని దగ్గర మాటల నిల్వ అయిపోతుంది. ఇంజను రొదలో ముదిరిన చెవులకు ఈ శాంతి పడలేదు. మధ్యాహ్నం కునుకు పట్టిందంటే, బండి నడిరోడ్డులో ఆగిపోయిందేమోనని ఉలిక్కిపడి లేచేది. తిండి తగ్గింది. కూరల బండి దగ్గర సైతం ఎవరినీ జరగమనకుండా తిరిగొచ్చిన రోజున కొడుకు కంగారుపడ్డాడు.

అలా వచ్చాయి మూడు స్పీకర్లు: ముందుగదికొకటి, వంటింటికొకటి, వెనక గదికొకటి. వాటికి మరలు లేవు, మీటలు లేవు. పాట ఇంటర్నెట్టులోంచి వస్తుంది, పగ్గాలు ఫోనులోని యాప్‌లో ఉంటాయి. నలుగురి ఫోన్లలోనూ యాప్ పెట్టారు. నచ్చకపోతే నెలాఖరులోగా తిరిగిచ్చేయవచ్చని షాపువాడి మాట.

మొదటి వారం స్వర్గం. ఇంటి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినా పాట తెగలేదు. కండక్టరమ్మ మారు అన్నం పెట్టించుకుంది.

రెండో వారంలో బండికి తెగులు పట్టింది. పాట పల్లవి మధ్యలో చప్పున ఆగేది, ఊపిరి పీల్చుకున్నట్టు మళ్ళీ మొదలయ్యేది. సౌండు తగ్గేది, పెరిగేది, తగ్గేది. సాయంత్రాలు మరీ ఘోరం: జోలపాటలాంటిది సాగుతుండగా, టికెట్టు లేనివాడు ఫుట్‌బోర్డు మీదికి ఎగబాకినట్టు డప్పుల పాట ఒకటి చొరబడేది.

"లోపం ఉన్న సరుకమ్మా ఇది" అన్నాడు కొడుకు. "తిరిగిచ్చేసి, ఎవరికి వాళ్ళకి ఇయర్‌ఫోన్లు కొనేస్తా. గొడవుండదు."

"ఎవరి చెవుల్లో వాళ్ళం దూరి కూచోడానికా ఈ ఇల్లు?" అంది ఆమె. ఆ మధ్యాహ్నపు నిశ్శబ్దం మళ్ళీ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డట్టనిపించింది.

ఆదివారం పొద్దున కొడుకు, స్పీకర్లు వచ్చిన అట్టపెట్టెలను అటక మీంచి దింపాడు. కండక్టరమ్మ అడ్డం నిలబడింది.

"బస్సులో పర్సు పోయిందనుకో, బస్సు అమ్మేస్తామా?"

"మరేం చేస్తారు?"

"తలుపులు మూసి అందర్నీ చేతులెత్తమంటాం. రండి అందరూ. ఫోన్లు బల్ల మీద పెట్టండి. ఏవండీ, మీరు కూడా."

న్యాయస్థానం కొలువుదీరింది. నాలుగు ఫోన్లు బల్ల మీద, నలుగురి చేతులూ ఒళ్ళో. పాట మొదలైంది. అది ముగిసి ఇంకోటి, ఆపైన ఇంకోటి, తడబాటు లేకుండా సాగిపోయాయి.

"యంత్రానికి జబ్బు లేదు" అని తీర్పిచ్చింది కండక్టరమ్మ. "జబ్బు మన వేళ్ళకుంది. ఎవరెక్కడ నొక్కుతున్నారో చెప్పండి."

కోడలు ముందు లొంగిపోయింది. "అత్తయ్యా, మార్కులు కూడేటప్పుడు పాట వినపడితే అంకె తప్పిపోతోంది. కాసేపు ఆపి మళ్ళీ పెడుతున్నా. వంటింట్లోదే ఆగుతోందనుకున్నా గానీ ఇల్లంతా ఆగిపోతోందని నాకేం తెలుసు?"

భర్త గొంతు సవరించుకున్నాడు. "వాచీ కొట్టుకోవడం చెవి దగ్గర పెట్టుకుని వినాలి. అందుకని సౌండు తగ్గిస్తున్నా. ఎవరో పెంచుతున్నారు. మళ్ళీ తగ్గిస్తున్నా."

"ఆ ఎవరో నేనేనండీ! స్పీకరు నీరసించిందని పెంచుతున్నా!"

"నేను దానికి దయ్యం పట్టిందనుకున్నా."

"ఇంతకాలం కాపురంలో ఒక్క మాటా అనుకోలేదు మనం. ఒక గోడకి అటూ ఇటూ కూచుని వారం రోజులుగా యుద్ధం చేసుకుంటున్నామా? తగ్గించమని ఒక్క కేక వెయ్యచ్చుగా!"

"నీకు పాట ఇష్టం కదా" అన్నాడాయన, ఎదురుగా ఉన్న ఫోనుకేసి చూస్తూ.

కండక్టరమ్మ గొంతు తగ్గించి "ఇష్టమే" అంది. ఇది అరుదైన సంఘటన గనుక ఇక్కడ నమోదు చేయవలసి వస్తోంది.

కొడుకు నవ్వాడు. "నన్ను మాత్రం ఇందులోకి లాగకండి. ఆ టైముకి నేను ఇంట్లోనే ఉండను."

"షాపు నుంచి వచ్చేటప్పుడు పాటలు వింటావు కదరా?"

"వింటా, ఫోన్లో. ఒక్కోసారి వినపడి చావదు. రెండుసార్లు నొక్కి, సౌండు బాగా పెంచి..." అని అతను ఆగిపోయాడు.

"డప్పుల పాట!" అంది కోడలు. "మీ ఫోనుకి ఇంటి స్పీకర్లే గుర్తున్నాయి. మీరు నొక్కితే మీ చెవిలో కాదు, అత్తయ్య నెత్తిన మోగుతోంది."

తిలాపాపం తలా పిడికెడు. గదులను విడదీసేస్తే సరిపోతుందన్నాడు కొడుకు. విడదీసి చూశారు. ముందుగదిలో పాడిన మాటనే వంటింటి స్పీకరు అరక్షణం ఆలస్యంగా, వెక్కిరించినట్టు పాడింది. మళ్ళీ కలిపేశారు.

"పాత రేడియోకి మర ఉండేది" అంది కండక్టరమ్మ. "మర మీద ఎవరి చెయ్యుందో కనపడేది. ఆ చేతిని కసరచ్చు, బతిమాలచ్చు. దీనికి చెయ్యి కనపడదు. కనపడనప్పుడు వినపడాలి. ఇవాళ్టి నుంచి యాప్ ముట్టుకునేవాళ్ళు ఇల్లంతా వినపడేలా 'హోల్డాన్' అనాలి. పనయ్యాక 'రైట్ రైట్' అనాలి. అనకుండా ముట్టుకుంటే టికెట్టు లేని ప్రయాణమే."

"ఇది ఇల్లా, డిపోనా?"

"డిపో అయితే నీకు ఈపాటికి మెమో వచ్చుండేది."

కొడుకు అట్టపెట్టెలకేసి చూశాడు, తర్వాత తండ్రికేసి చూశాడు. "సరే, శనివారం దాకా చూద్దాం. కానీ అమ్మా, నాన్న అరవడం ఎప్పుడన్నా విన్నామా? ఆయన అరవకపోతే కథ మళ్ళీ మొదటికే. అప్పుడు ఇవి షాపుకే."

అది నిజం. కోడలు సోమవారానికే ఆరితేరింది, "హోల్డాన్ అత్తయ్యా, ఏడో తరగతి!" అని ఆమె కేకేస్తే గిన్నెలు కూడా సర్దుకునేవి. వెనక గదిలోంచి మాత్రం కేక లేదు. సౌండు తగ్గడమూ లేదు. తలుపు సందులోంచి చూస్తే, ఆయన బాగుచేసిన వాచీలను ఒక పక్కన పెట్టి, పాటలన్నీ అయ్యాక వినవచ్చునని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కండక్టరమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. తనే సౌండు తగ్గించవచ్చు. కానీ చెయ్యెత్తని మనిషి కోసం బండి ఆపితే ఆ మనిషి ఇక ఎప్పటికీ చెయ్యెత్తడని ఆమె వృత్తి నేర్పింది. పళ్ళ బిగువున కూర్చుంది.

గురువారం మధ్యాహ్నం పాట మంచి ఊపులో ఉండగా వెనక నుంచి సన్నగా ఏదో వినపడింది. గోడ గడియారం కాబోలనుకుంది. అది మళ్ళీ వచ్చింది, ఈసారి గోడలు దాటుకుని:

"హోల్డాన్!"

కండక్టరమ్మ వేలు డ్రైవరు కాలి కన్నా వేగంగా ఫోను మీద పడింది. ఇల్లు చప్పబడింది. విచిత్రమేమిటంటే ఆ నిశ్శబ్దం ఆమెను భయపెట్టలేదు. చెడిపోయి ఆగిన బండి వేరు, ఒక మనిషి ఎక్కడానికి ఆగిన బండి వేరు. ఆయన నింపాదిగా వాచీ విన్నాడు. "రైట్" అన్నాడు. నియమం గుర్తొచ్చి, కాసేపటికి ఇంకో "రైట్" కలిపాడు.

సాయంత్రం కూరల బండి దగ్గర ఆమె అందరినీ జరిపి మరీ చెప్పింది: "ఇవాళ మా ఆయన అరిచారు."

"అయ్యో, ఎందుకమ్మా, కోపమొచ్చిందా?"

"కోపమేంటి నీ మొహం! అరిచారంతే. ఎంత బాగా అరిచారో!"

శనివారం సాయంత్రం ఫోను మోగింది. అవతల కొడుకు గొణుగుతున్నాడు. "అమ్మా, బయల్దేరుతున్నా. అక్కడి పాట నాకూ కావాలి. స్పీకర్లూ ఫోనూ కలిపి పెట్టుకోనా?"

"పెట్టుకో. ముందు అనాల్సింది అను."

"హోల్డాన్."

"ఈ గొణుగుడు వంటింటి దాకా వస్తుందా? వెనక గదికి చేరుతుందా?"

"షాపునిండా జనం ఉన్నారమ్మా."

"నా బస్సులో ఇంకా ఎక్కువ ఉండేవాళ్ళు. నేను సిగ్గుపడ్డానా?"

అవతల రంగులు కలిపే యంత్రం గడగడలాడుతోంది. ఆమె ఫోనును చెవి దగ్గర నుంచి తీసి, ఇల్లంతా వినేలా దాని స్పీకరు ఆన్ చేసి, చేత్తో ఎత్తి పట్టుకుంది.

"హోల్డాన్!"

షాపులో ఎవరి చేతిలోంచో డబ్బా ఒకటి కిందపడింది. యంత్రం ఆగింది. ఆ వెనకే, అంత కేక వేసిన కొడుకు గొంతు, కాస్త నవ్వుతూ, కాస్త రొప్పుతూ: "ఆ అట్టపెట్టెలు ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. మనకక్కర్లేదు."

వెనక గది తలుపు తెరుచుకుంది. కోడలు పెన్ను పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. ఇద్దరూ చూస్తుండగా కండక్టరమ్మ ఫోను దించి, కొంగు సర్దుకుని, ఎంతో తాపీగా అంది:

"యంత్రం కూడా ఆగింది, విన్నారా? వాడికొచ్చింది నా గొంతే."