పీకేసిన మూడు వందల ఫ్రేములు

పత్రికలో చాలా ఏళ్లు పనిచేసి నేను నేర్చుకున్నది ఒకటే. వార్త తగ్గించమంటే విశేషణాలు పీకాలి, విషయం ముట్టుకోకూడదు. ఉద్యోగం నుంచి దిగాక ఆదోనిలో ఇంట్లో కూర్చుని, తెలిసినవాళ్ల వీడియోలను వాళ్లకు కావలసిన తీరులోకి మార్చి ఇవ్వడం మొదలుపెట్టాను. దానికి నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో బటన్లూ బొమ్మలూ ఉండవు. నల్లటి తెర మీద ఒక వరుస ఆజ్ఞ టైపు చేయాలి, అంతే. మనం చెప్పినట్టే చేస్తుంది. నా తప్పులన్నీ అక్కడే బయటపడతాయి.

ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాడు ఫోన్ చేశాడు. ఒకప్పుడు అతని మీద చిన్న వార్త రాశాను. అందులో అతని వయసు తప్పు అచ్చయింది, అయినా నా మీద నమ్మకం పోలేదు. సిటీలో జరిగే చేనేత ప్రదర్శనలో స్టాల్ కోసం అతను పోయినేడు దరఖాస్తు పెట్టుకున్నాడు. నేత ఇంత సమంగా ఉంది కాబట్టి ఇది మరమగ్గం బట్టే అయి ఉంటుందని నిర్వాహకులు తోసిపుచ్చారు. అతని పనికి జీవితంలో అందిన మొదటి పెద్ద మెప్పు అదే. దాంతో ఏడాది చీరలన్నీ నూలిచ్చే షావుకారుకే పోయి, షావుకారు పేరుతోనే అమ్ముడుపోయాయి.

ఈసారి చేతినేత అని రుజువుకు వీడియో అడిగారు. మగ్గం మీద నేస్తూ ఒక్క నిమిషం, మధ్యలో కోత ఉండకూడదు, సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములే, అంటే ఇరవై ఐదు విడి ఫొటోలే ఉండాలి. అతని ఫోన్ సెకనుకు ముప్పై తీసింది. ముప్పై ఉన్న వీడియోను వాళ్ల వెబ్‌సైట్ లోపలికి రానివ్వలేదు.

ఇంట్లోనే మార్చి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఫ్రేము కూడా ఒక విషయమే కదా, ఒక్కటి కూడా పోకూడదనుకున్నాను. అందుకని అన్నీ ఉంచి, వాటినే సెకనుకు ఇరవై ఐదు చొప్పున నడిపించమన్నాను. శబ్దాన్నీ దానికి తగ్గట్టు సాగదీశాను. పత్రికలో ఉండగా ఇంత నిజాయితీ చూపించిన గుర్తు లేదు.

అతను మగ్గం గుంటలో కూర్చునే చూశాడు. భార్య పక్కన రాట్నం మీద కండెలకు నూలు చుడుతోంది. కాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, ఇది నా చెయ్యి కాదు. మా మామ చెయ్యి."

"మా నాయన నిదానంగా నేసినా పోగు తెంపలా" అంది భార్య, రాట్నం ఆపకుండా.

అతను ఆ మాట విననట్టు వీడియో మొదటికి తెచ్చి, పెదవులతో లెక్కపెట్టాడు. "నిమిషానికి అరవై పోగులు ఏస్తా. ఈడ యాభై ఉండాయి. పది యాడబెట్టినావు?"

ఎక్కడికీ పోలేదనీ, చివర్లో ఉన్నాయనీ, వీడియో పన్నెండు సెకన్లు పొడవైందనీ చెప్పాను. నిమిషం అడిగితే నిమిషం దాటించి పంపితే తీసుకుంటారా అని అడిగాడు. తీసుకోరు. తీసుకున్నా అతనికి ఒప్పుదల లేదు. స్టాల్ వచ్చినా రాకపోయినా మందకొడి అనిపించుకోనన్నాడు.

రెండో దారి ఒకటుంది. ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి తీసేస్తే నిమిషం నిమిషంగానే ఉంటుంది, శబ్దం జోలికి పోనక్కర్లేదు. అలా చేసి చూపించాను. వేగం తనదేనని ఒప్పుకున్నాడు. తర్వాత పీకినవి చూపించమన్నాడు. ఇన్నేళ్లలో నేను వార్తలో కోసేసిన వాక్యాలను చూపించమని ఏ పాఠకుడూ అడగలేదు. మూడు వందల ఫ్రేములనూ వరుసగా తెరిచి పెట్టాను. అతను ఒక్కొక్కటీ తిప్పుతూ పోయాడు. పేక పోగును మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె రెప్పపాటులో దాటిపోతుంది. వీడియోలో అది ఒకటి రెండు ఫ్రేముల్లోనే దొరుకుతుంది. పీకినవాటిలో నాడె చాలాచోట్ల ఉంది.

"ఆరింట ఒక పోగు పీకితే అది బట్ట కాదన్నా, జల్లెడ."

మూడో దారి కూడా చూపించాను. అసలు ఫ్రేములను చూసి, మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకుని, కంప్యూటరే కొత్త ఫ్రేములు తయారుచేస్తుంది. వక్త అనని మాటను కొటేషన్లలో పెట్టే విలేకరులు నాకు తెలుసు. ఇదీ అలాంటిదే. వీడియో నూనె పోసినట్టు సాగింది. ఒకచోట ఆపి చూస్తే నాడెలు రెండున్నాయి, కుడిచేతి వేళ్లు కరిగి ఒకటైపోయాయి.

భార్య రాట్నం వదిలి లేచి వచ్చింది.

"ఈ చెయ్యి ఎవురిదన్నా? మిషన్ నేసిందనే కదా పోయినేడు తోసేసినారు. ఇప్పుడు మనమే మిషన్ చెయ్యి పెట్టి పంపిస్తామా?"

ఆ వీడియో చెరిపేశాను. జల్లెడనే పంపాం. వెబ్‌సైట్ వెంటనే తీసుకుంది.

కొన్ని రోజులకు నిర్వాహకుల తరఫు పరిశీలకుడు అతనికి ఫోన్ చేశాడట. పోగును బిగించే పలక కొట్టిన శబ్దం వినిపిస్తోంది గానీ కొన్నిచోట్ల నాడె కనిపించడం లేదు, మధ్యలో ఏమైనా కోశారా అని అడిగాడట. కోత లేదు సార్, మీరు ఇరవై ఐదే అడిగినారు, సెకనుకు ఐదు పీకినాం, ఆ ఐదూ ఈడే ఉండాయి, వచ్చి సూడండి అన్నాడట మనవాడు. ఆ మాట భార్య నాకు రెండుసార్లు చెప్పింది.

ఆయన నిజంగానే వచ్చాడు. నన్నూ పిలిపించారు. గుంట అంచున గొంతుక్కూర్చుని, చేతిగడియారం చూసుకుంటూ నిమిషం పాటు పోగులు లెక్కపెట్టాడు. అరవై తేలాయి. నేసిన మేర వేలితో నిమిరి, స్టాల్ ఇచ్చినట్టేనన్నాడు. కాకపోతే ఫైలు పూర్తి కావాలంటే తాను కళ్లారా చూసినట్టు వీడియో జతచేయాలి. తన ఫోన్ తీసి తానే పట్టాడు. తర్వాత దాన్ని నాకిచ్చాడు. సెకనుకు ముప్పై.

ఇరవై ఐదు చేసివ్వమని అడిగాడు. చేస్తానన్నాను. నేతగాడు గుంటలోంచి లేవకుండానే అన్నాడు:

"ఈతూరి ఏవి పీకాలో సార్‌నే గుర్తు పెట్టి ఇమ్మనన్నా."

పరిశీలకుడు నవ్వి, లాప్‌టాప్ ముందుకు జరిగాడు. నేను ఫ్రేములు తెరిచిపెట్టాను. మొదటిదాని దగ్గరే ఆయన చాలాసేపు ఆగిపోయాడు. అందులో నాడె ఉంది.