పాస్కా కిటికీలోని చేదు నీళ్లు

పక్కింటి పాస్కా అక్క చికోరీ అనే చేదాకు కోయడానికి వెళ్లిందంటే చేతిలో సంచి, ఏప్రాన్ జేబులో వంకర కత్తి ఉంటాయి. వాన వెలిసిన మర్నాడు మూర్జా రాతినేలలోని గోడల పక్కన ఆమె నడుమే కనిపిస్తుంది గానీ తల కనిపించదు. తోటలో పెంచిన ఆకు ముట్టదు. "అది మిలానో పట్నం వాళ్లకి. మనకి రాళ్లలో మొలిచిందే ఆకు," అంటుంది. మొదలు దగ్గర కోస్తే తెల్లటి పాలు కారతాయి. చేదంతా ఆ పాలలోనే ఉంటుంది.

ఆకు ఉడికించిన నీళ్లు మా వీధిలో ఎవరూ పారబోయరు. కాలేయానికి మంచిదని చల్లార్చి తాగుతాం. అది నిజమో కాదో డాక్టర్లు తేల్చుకోనీ. తాగితే నాకు ఆకలి మాత్రం బాగా వేస్తుంది.

ఆమె భర్త కతాల్దో బావ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టేవాడు. పెళ్లయిన నాటి నుంచి ఆమె వంటకి వంక పెట్టకుండా ముద్ద మింగలేదు. పోయిన చలికాలంలో జ్వరం వచ్చి తగ్గాక మనిషే మారిపోయాడు. ఏం పెట్టినా "బాగుంది" అని కాస్త కెలికి చెంచా పక్కన పెట్టేసేవాడు. చిక్కిపోయి, ప్యాంటు జారకుండా తాడు కట్టుకునే దాకా వచ్చాడు.

"ఒసేయ్ నున్జియా, బాగుందంటున్నాడే!" అని అక్క నా గుమ్మంలో కూలబడింది. "ఇక నాకు దక్కడేమో!"

నవ్వబోయి ఆగాను. నాకూ భయంగానే ఉంది.

జబ్బు మనిషికి చేదు పెట్టకూడదని మావాళ్ల పట్టు. అందుకని అక్క ఆకుని నీళ్లు మార్చి మార్చి ఉడికించి, గట్టిగా పిండి, మెత్తగా ఎనిపిన చిక్కుడు పప్పుతో పెట్టేది. అన్నిటికన్నా చేదైన మొదటి నీళ్లు తనకోసం జగ్గులో పోసి కిటికీలో ఉంచుకునేది.

కొన్నాళ్లకి ఆ జగ్గులో నీళ్లు తరగడం మొదలైంది. తలుపు తట్టకుండా వాళ్లింట్లోకి వెళ్లేది నేనే కాబట్టి అక్క అనుమానం నా మీదకే వచ్చింది.

"నా నీళ్లెందుకు తాగుతున్నావే దొంగమొహమా?"

"మా ఇంట్లో చికోరీ లేదా, నీ ఎంగిలి నీళ్లు తాగడానికి? నీ పిల్లిని అడుగు!"

"పిల్లి మళ్లీ మూత పెడుతుందా?"

కొన్నాళ్లు మాటల్లేవు. ఒక ఆదివారం చర్చికి బయల్దేరిన అక్క, మర్చిపోయిన తలగుడ్డ కోసం వెనక్కి వచ్చింది. "నున్జియా, రావే!" అని కేక పెడితే పరిగెత్తాను. బావ వంటింట్లో జగ్గు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గడ్డమంతా తడి.

"అడిగితే ఇవ్వనా?" అంది అక్క.

"జ్వరం తర్వాత నాలుక చచ్చిపోయింది పాస్కా. రొట్టె, జున్ను, వైన్, అన్నీ మట్టి తిన్నట్టే ఉన్నాయి. ఇదొక్కటే తెలుస్తోంది."

"మరి రోజూ బాగుందన్నావేం?"

"వండి పెట్టి నా మొహం చూస్తూ కూర్చుంటావు. ఇంకేమనను?"

అక్క మొహం పాలిపోయింది. ఆ మనిషికి మిగిలిన ఒకే ఒక్క రుచిని ప్రేమకొద్దీ తనే పిండేసింది. ఆ మాట పైకి అనలేక నన్ను కోప్పడింది. "ఏం చూస్తున్నావు? సంచి అందుకో!"

ఆ మధ్యాహ్నం ఇద్దరం వెతికి వెతికి ముదురాకు కోశాం. చారెడు నీళ్లలో ఒక్కసారే ఉడికించింది, పిండలేదు. పిలవకపోయినా నేనూ బల్ల దగ్గర కూర్చున్నాను.

బావ నోట్లో పెట్టుకున్నాడు. మొహం వంకర్లు పోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇంత చేదేమిటే? మనిషిని చంపుదామనా?" అని అరిచి, పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. "నూనె కూడా తక్కువే!"

నూనె రుచి అతనికి తెలియదని మాకు తెలుసు. అక్క ఏప్రాన్‌తో మొహం కప్పుకుంది. దాని వెనక నుంచే అంది.

"రేపటి నుంచి నువ్వే వండుకో, ముసలోడా!"